చలికాలంలో వీణ వస్తే పెట్టె వెంటనే విప్పకండి

జనవరిలో అమెరికాలోని మిన్నెసోటాకి బొబ్బిలి వీణ తెప్పించుకుంటున్నామని ఎవరు ఫోన్ చేసినా నేను ముందు చెప్పేది ఒకటే. పెట్టె ఇంట్లోకి తెచ్చి పెట్టాక దాని జోలికి వెళ్లకండి. కత్తెర దాచేయండి. పిల్లలు గోల పెడతారు. అమ్మమ్మలు వీడియో కాల్‌లో "ఏదీ, ఓసారి చూపించండర్రా" అంటారు. కొబ్బరికాయ కొట్టి, కుంకుమబొట్టు పెట్టి విప్పుదామని ముహూర్తం కూడా చూసుకుని ఉంటారు. ముహూర్తం ఒకరోజు వెనక్కి జరిపితే సరస్వతీదేవి ఏమీ అనుకోదు.

నేనుండేది మినియాపొలిస్ శివార్లలో. ఇంట్లో బేస్‌మెంట్‌లోనే వీణ పాఠాలు చెప్తాను. నేర్చుకున్నది విజయనగరం మ్యూజిక్ కాలేజీలో. 1919లో మొదలైన కాలేజీ అది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. అక్కడ గమకాలు నేర్పారు, తానం నేర్పారు, తీగ బిగించే బిరడ జారితే ఏం చెయ్యాలో కూడా నేర్పారు. గాలిలో తేమ గురించి మాత్రం ఎవరూ ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరమూ లేదు. మా ఊళ్లో గాలికి తేమ తక్కువవడం అన్న బాధే లేదు కదా. ఇక్కడికొచ్చాక వీణ వాయించడం ఎంత పనో, దాన్ని ఫిబ్రవరి దాటించడం కూడా అంత పనే అని తెలిసింది.

ఈ జనవరిలో మా స్టూడెంట్ ఒకమ్మాయికి కొత్త వీణ వచ్చింది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేయించారు. ఒకే పనస దుంగని తొలిచి చేసిన ఏకాండి వీణ. విజయదశమికి అందాలని ఆర్డర్ పెట్టారు కానీ, మొదట వానలు, తర్వాత మేస్త్రిగారింట్లో పెళ్లి, తర్వాత కస్టమ్స్... చివరికి సంక్రాంతి వెళ్లాక వచ్చింది. ఆ రోజు బయట మైనస్ 19. (నేను ఇన్నేళ్లయినా సెల్సియస్‌లోనే లెక్కపెడతాను, ఈ పోస్టంతా అదే.) కొరియర్ అబ్బాయి బెల్లు కూడా కొట్టకుండా గరాజ్ తలుపు ముందు మంచులో పెట్టి ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. పెట్టె ఎంతసేపు అక్కడుందో ఎవరికీ తెలీదు.

అమ్మాయి వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు.

"మేడమ్, వీణ వచ్చేసింది! వీడియో ఆన్ చేసి విప్పేయమంటారా?"

"వద్దండీ. ముందు లోపలికి తెచ్చి పెట్టండి. నిలబెట్టకుండా పడుకోబెట్టండి. హీటింగ్ వెంట్ దగ్గర మాత్రం వద్దు."

"ఎంతసేపు?"

"రేపు సాయంత్రం చూద్దాం."

అవతల కాసేపు మాట లేదు. వెనకాల అమ్మాయి "రేపా?!" అనడం వినపడింది.

ఈయన ఒక మంచి పని చేశారు. ప్యాక్ చేసేటప్పుడే మేస్త్రిగారికి చిన్న బ్లూటూత్ సెన్సర్ పంపి, కేసు లోపల పెట్టించారు. వేడి, తేమ రెండూ చూపిస్తుంది, ఖరీదు కూడా ఎక్కువేం కాదు. బటన్ సెల్ ఉన్న వస్తువు లోపల ఉందని కొరియర్ వాళ్లకి ముందే చెప్పారు, అది మర్చిపోకూడదు. దాంతో పెట్టె విప్పకుండానే లోపల ఎంతుందో ఫోన్‌లో కనపడుతోంది. హాల్లో పెట్టినప్పుడు మైనస్ 11. రాత్రి పడుకునే వేళకి 2. పొద్దున్నకి 14. సాయంత్రానికి గానీ 19 దాటలేదు. అందరూ ఇరవైనాలుగు గంటలు ఆగమంటారు కదా, ఆ లెక్క ఊరికే పెట్టింది కాదు. చుట్టూ థర్మోకోల్, దాని లోపల ఫైబర్ కేసు, కేసులో పాత నూలుచీర చుట్టిన బరువైన పనస చెక్క. చలి లోపలికి ఎంత నెమ్మదిగా వెళ్లిందో అంత నెమ్మదిగానే బయటికి వస్తుంది. ఆ నెమ్మదే మనకి కావాలి. సెన్సర్ లేనివాళ్లు ఒక రోజంతా ఆగండి, పెట్టె పెద్దదైతే రెండో రోజు కూడా.

ఎందుకాగాలి అంటే, నీరు పట్టడం అనేది అందరికీ తెలిసిన కారణం. చలిలోంచి ఇంట్లోకి రాగానే కళ్లజోడు మసకేస్తుంది కదా, వీణకీ అదే జరుగుతుంది. ఇంట్లో 21 డిగ్రీలు, తేమ 40 శాతం ఉందనుకోండి. 7 డిగ్రీలకంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా ఆ గాలిలో నీరు పడుతుంది. మైనస్‌లో ఉన్న ఉక్కు తీగలు, ఇత్తడి మెట్లు, తీగల్ని మోసే గుర్రం మీది ఇత్తడి రేకు అన్నీ తడిసిపోతాయి. పైన కనిపించే తడి తుడుచుకోవచ్చు. తీగ కింద, మెట్టుకీ మైనానికీ మధ్య, బిరడ రంధ్రంలో చేరిన తడిని ఎవరు తుడుస్తారు? పెట్టె మూసి ఉన్నంతసేపూ గదిలో గాలి లోపలికి రాదు, ఉన్న కాస్త గాలిలో అంత నీరు ఉండదు. అందుకే కేసు కూడా మూసే ఉంచమనేది. బయటి అట్టపెట్టె టేపు మాత్రం కావాలంటే సగంలో కోసి పెట్టుకోవచ్చు, పిల్లల తృప్తి కోసం.

ఎక్కువమందికి తెలియనిది మైనం సంగతి. గిటార్ వాళ్లు రాసిన సలహాలు ఎన్ని చదివినా ఇది దొరకదు, ఎందుకంటే వాళ్ల మెట్లు చెక్కలో దిగ్గొట్టి ఉంటాయి. మన వీణకి ఇరవైనాలుగు మెట్లూ నల్లటి మైనంలో నిలబడి ఉంటాయి. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి కాచి, వీణ పొడవాటి మెడ, అంటే దండి మీద రెండువైపులా గట్టులా పోసి, అది మెత్తగా ఉండగానే ఒక్కో మెట్టూ చెవితో శ్రుతి చూసుకుంటూ నిలబెడతారు. దాన్నే మేళం కట్టడం అంటాం. కొందరు మైనంలో గుగ్గిలం కూడా వేస్తారు, గట్టిగా ఉండాలని. తేనెమైనం సుమారు 63 డిగ్రీల దగ్గర కరుగుతుంది గానీ, చేతి వేడికే మెత్తబడటం మొదలుపెడుతుంది. చలికి అంతకంతా పెళుసెక్కుతుంది. పైగా చెక్క, ఇత్తడి, మైనం మూడూ చలికి ఒకే తీరుగా ముడుచుకోవు. అన్నిటికంటే ఎక్కువ ముడుచుకునేది మైనమే. అంటే మైనస్ 11లో ఉన్న వీణలో మైనం అప్పటికే లోలోపల బిగుసుకుపోయి ఉంటుంది. ఆ స్థితిలో ఎవరైనా ఉత్సాహంగా కేసులోంచి ఎత్తి, వీణకున్న గుండ్రటి కుండని బల్లకి తగలనిచ్చి, ఒడిలో పెట్టుకుని ఓసారి మీటి చూస్తే, వేరుశనగ చిక్కీ విరిగినట్టు మైనం పుటుక్కుమంటుంది. మెట్టు ఊడి చేతిలోకి వస్తుంది. దారిలో పాడైందని అందరూ అనుకుంటారు. నేను చూసినవాటిలో చాలావరకు దారంతా భరించి వచ్చి, ఇంట్లో విప్పిన మొదటి గంటలో పాడైనవే.

కాబట్టి చల్లగా ఉన్న వీణని విప్పకపోవడం ఎంత ముఖ్యమో, కదపకపోవడం కూడా అంతే ముఖ్యం. గరాజ్ నుంచి హాల్లోకి తెచ్చేటప్పుడు ఇద్దరు పట్టుకుని నెమ్మదిగా తేవాలి, ఈడ్చకూడదు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చే పని పెట్టుకోకండి. తొందరపడి హెయిర్ డ్రయర్ పెట్టేవాళ్లూ, ఫైర్‌ప్లేస్ ముందు పెట్టేవాళ్లూ ఉన్నారు. పైపొర వేడెక్కి లోపల చల్లగా ఉంటే మైనం సంగతి అటుంచి, పాలిష్ సన్నగా జాలీ పడినట్టు చిట్లుతుంది. దాన్ని మళ్లీ అతికించలేం, మొత్తం గీకి కొత్త పాలిష్ వేయాల్సిందే.

మర్నాడు సాయంత్రం నేనూ వాళ్లింటికి వెళ్లాను. అట్టపెట్టె, థర్మోకోల్ తీసి కేసు మూత ఎత్తగానే మైనం వాసన, లక్క పాలిష్ వాసన కలిసి వచ్చాయి. బొబ్బిలి వెళ్లి చాలా ఏళ్లయింది గానీ, ఆ పనివాళ్ల వరండాలో ఉండే వాసన అదే. చీర మడతలు విప్పాం. దండి చివరి యాళి ముఖం బాగుంది. కుండ మీది పలక మీద గీత లేదు. దండి కింద తగిలించే బుర్ర విడిగా చుట్టి ఉంది, అలాగే పంపాలి. గుర్రం తీసి గుడ్డలో కట్టారు, తీగలు వదులు చేసి ఉన్నాయి. మేస్త్రిగారు బాగా ప్యాక్ చేశారు.

టార్చ్ పక్కనుంచి వేసి మేళం మొత్తం ఒక్కో మెట్టూ చూసుకుంటూ వెళ్లాను. పైనుంచి వెలుగు వేస్తే నల్ల మైనంలో చీలిక కనపడదు. పక్కనుంచి పడితే నీడ వస్తుంది. ఏడో మెట్టు దగ్గర, మెట్టు పాదం మైనంలో దిగేచోట, వెంట్రుకంత గీత. మెట్టు పడిపోలేదు కానీ వేలు ఆనిస్తే కదులుతోంది, అదీ ఒకవైపే. రెండోవైపు గట్టిగానే ఉంది.

అక్కడ అప్పుడు తెల్లవారింది కాబట్టి మేస్త్రిగారికి వీడియో కాల్ చేశాం.

"ఏటమ్మా, చేరిపోనాదా వీణ?" అన్నారు ముందు. చూపించాను. "ఒక్కటేనా? అంత చలిలో ఒక్కటే అంటే మన మైనం గట్టిదేనమ్మా" అని నవ్వి, "సాల్డరింగ్ రాడ్డూ అదీ పెట్టీకండి. రేపటిదాకా గదిలో ఉంచి, చెంచా వెనకభాగం వేణ్నీళ్లలో ముంచి, తుడిసి, మైనం మీద అద్దండి. మెట్టుని కాదు, మైనాన్ని నొక్కాలి" అన్నారు.

ఇంట్లో వాళ్లు చేసుకోగలిగే రిపేరు అంతే, అంతకు మించి చేయకూడదు. మరునాడు అలాగే చేశాను. స్టీలు చెంచాని వేడినీళ్లలో ముంచి, పొడిగుడ్డతో తుడిచి, గీత ఉన్నచోట మైనం మీద కాసేపు ఆనించి, బొటనవేలితో మెట్టు వైపుకి నొక్కాను. రెండుమూడు సార్లకి గీత మూసుకుపోయింది. చల్లారేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తర్వాత తీగలు బిగించి చూసుకోవాలి. ఏడో మెట్టు మీద సారణి, అంటే మొదటి తీగ, నొక్కి మీటితే పంచమం పలకాలి. పక్కనే ఉన్న పంచమం తీగ విడిగా మీటితే దానికి కింది స్థాయి పంచమం. రెండూ కలిపి మీటి చూస్తే మెట్టు జరిగిందో లేదో చెవికే తెలిసిపోతుంది. కాస్త ఎక్కువ పలికింది. చెంచాతో మైనాన్ని మళ్లీ గోరువెచ్చగా చేసి మెట్టుని వెంట్రుకవాసి బిరడల వైపుకి తోస్తే సరిపోయింది. ఆ అమ్మాయి పక్కన కూర్చుని మొత్తం చూసింది. పాఠంలో ఎన్నిసార్లు చెప్పినా అంటని విషయం, ఏడో మెట్టు ఎందుకు పంచమమో, ఆ రోజు అంటింది.

ఒకేసారి నాలుగైదు మెట్లు కదిలితే మాత్రం చెంచా వైద్యం వద్దు. మేళం కట్టే చెయ్యి వేరు. బాగా వాయించేవాళ్లందరికీ అది రాదు, నాకూ రాదు. వచ్చినవాళ్లు ఈ దేశంలో తేలిగ్గా దొరకరు. వీడియో కాల్‌లో చూసి నేర్చుకుందామనుకుంటే మైనం మొత్తం పాడవుతుంది. మైనం లేకుండా స్క్రూలతో మెట్లు బిగించే వీణలు ఇప్పుడు వస్తున్నాయి కదా అని కొందరు అడుగుతారు. తిరుగుళ్లకీ, విమానం ప్రయాణాలకీ అవి మంచివే. వాటి నాదం నా చెవికి అంతగా ఆనదు. అది నా చాదస్తం, మీరు పట్టించుకోనక్కర్లేదు.

తీగల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వచ్చిన రోజే పూర్తి శ్రుతికి లాగకండి. రెండుమూడు రోజుల మీద కొంచెం కొంచెంగా పెంచండి. చలిలో ఉక్కు తీగ ముడుచుకుంటుంది, దండి పొడవులో అంత ముడుచుకోదు, కాబట్టి బిగువు పెరుగుతుంది. అందుకే పంపేటప్పుడు వదులు చేయమనేది. పూర్తిగా ఊడదీయడం కూడా మంచిది కాదు, చుట్లు విడిపోయి చిక్కుపడతాయి. ఇంట్లోకి వచ్చి గాలి పొడిబారాక కథ తిరగబడుతుంది. బిరడలు ఎండి సన్నబడి, రంధ్రంలో పట్టు తప్పి జారిపోతాయి. కాస్త సుద్దపొడి రాస్తే పట్టుకుంటాయి. అంతేగానీ సుత్తితో కొట్టినట్టు లోపలికి దిగేయకండి. మేలో తేమ పెరిగాక అదే బిరడ ఉబ్బి, తిప్పినా తిరగదు.

ఇంతవరకూ చెప్పింది మొదటి రెండు రోజుల సంగతి. అక్కడితో గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నాకు అసలు టెన్షన్ అక్కడే మొదలవుతుంది. చలి వీణకి చేసే నష్టం కంటే మన హీటర్ చేసేదే ఎక్కువ. బయట మైనస్ 10లో ఉన్న గాలిలో తేమ ఎంత శాతం అని రాసున్నా, ఆ గాలి పట్టగలిగే నీరే చాలా తక్కువ. దాన్ని లోపలికి తెచ్చి 21 డిగ్రీలకి వేడిచేస్తే తేమ పది శాతం చుట్టుపక్కలకి పడిపోతుంది. మన వంటలూ, స్నానాలూ, ఊపిరీ కలిసి ఇంట్లో దాన్ని ఇరవై దాకా లాగుతాయి. విజయనగరం జిల్లా గాలిలో ఏడాదిలో ఎక్కువ భాగం డెబ్బై శాతం చుట్టుపక్కల తేమలో ఉన్న పనస చెక్క బరువులో సుమారు పదమూడు శాతం నీరు ఉంటుంది. ఇరవై శాతం తేమ ఉన్న గదిలో నెలలు పెడితే అది అయిదుకి లోపుగా దిగుతుంది. ఆ నీరు పోయినంత మేరా చెక్క ముడుచుకుంటుంది. పొడవులో దాదాపు ఏమీ కాదు, అడ్డంగా ముడుచుకుంటుంది.

కుండ మీద అతికించిన పలకని గుర్తుతెచ్చుకోండి. సన్నటి పలక, చుట్టూ అంచు మొత్తం జిగురుతో అంటించి ఉంటుంది. అడ్డంగా ముడుచుకోవాలని చూస్తుంది, అంచులు వదలవు. ఏదో ఒకచోట వదలాల్సిందే. అంచు దగ్గర జిగురు వదిలితే మన అదృష్టం, అతికించుకోవచ్చు. పలకే నారవెంట చీలితే నాదంలో జర్రుమనే చప్పుడు మొదలవుతుంది.

తెలిసినవాళ్లింట్లో ఒకటి ఇలాగే అయింది. వాళ్ల వీణ అక్టోబర్‌లో వచ్చింది, బంగారంలాంటి వాతావరణం, ఏ ఇబ్బందీ లేదు. పూజగదిలో సరస్వతీదేవి పటం పక్కన పీట మీద పెట్టారు. చూడ్డానికి ఎంత బాగుందో. ఆ పీట కింద నేలలో హీటింగ్ వెంట్ ఉందని ఎవరూ గమనించలేదు. నవంబర్ నుంచి రోజంతా ఆ వేడిగాలి నేరుగా కుండ అడుగుకి కొడుతూనే ఉంది. ఫిబ్రవరిలో ఒకరోజు రాత్రి టప్పుమని చప్పుడైందట, ఏదో గిన్నె పడిందనుకున్నారు. వీణ అక్కడ పెట్టమని దేవుడే చెప్పినా, వెంట్ ఎక్కడుందో ఒకసారి చూసుకోండి. బయటి గోడకి ఆనించి పెట్టడం, ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర పెట్టడం కూడా అంతే. ఇంటి మధ్యలో ఉన్న గది మేలు.

వాయించనప్పుడు వీణ కేసులోనే ఉండాలి, ఇది ఈ దేశంలో చలికాలానికి నా రూలు. హాల్లో అలంకారంగా పెట్టుకోవాలనుంటే ఎండాకాలంలో పెట్టుకోండి. కేసు లోపల 45 నుంచి 50 శాతం తేమ ఉంటే చాలు. 49 అని అంకె రాసి ఉండే చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి, తేమ తక్కువైతే వదులుతాయి, ఎక్కువైతే పీల్చుకుంటాయి. గిటార్ కోసం చేసినవే. వీణ కేసు పెద్దది కాబట్టి వాళ్లు చెప్పినదానికి రెట్టింపు పెట్టండి. చెక్కకి తగలకుండా, మైనానికి అసలే తగలకుండా ఉండాలి. పాత సాక్సులో వేసి ఒకటి దండి చివర, ఒకటి కుండ దగ్గర పెడితే సరి. గది మొత్తాన్ని యాభై శాతానికి తేవాలని హ్యూమిడిఫయర్ గట్టిగా తిప్పేవాళ్లున్నారు. బయట మైనస్ ఇరవై ఉన్నప్పుడు అలా చేస్తే కిటికీ అద్దాల మీద నీరు కారి, చట్రం నాని, బూజు పడుతుంది. వీణని కాపాడబోయి ఇల్లు పాడుచేసుకోవడం ఎందుకు? గది ముప్పైఅయిదు, నలభై దగ్గరుంటే చాలు, మిగతాది కేసు చూసుకుంటుంది.

అన్నట్టు, ఆ కొలిచే మీటర్లని గుడ్డిగా నమ్మకండి. చౌక మీటర్లు ఒకటి నలభై అంటే పక్కది యాభై అంటుంది. ఒక సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, ముద్దలా తడిసేలా నాలుగు చుక్కల నీళ్లు పోసి, మీటర్‌తో పాటు జిప్ కవర్‌లో పెట్టి మూసేయండి. ఉప్పు మీటర్‌కి తగలకూడదు. రాత్రంతా ఉంచితే లోపల తేమ 75 శాతం దగ్గర నిలబడాలి, అది ఉప్పు స్వభావం. మీటర్ 70 చూపిస్తే అయిదు తక్కువ చూపిస్తోందని రాసిపెట్టుకోండి.

మరి ఎండాకాలం? ఇక్కడ జూన్, జూలైలో బేస్‌మెంట్ మళ్లీ మన గోదావరి జిల్లాల వానాకాలమే. డీహ్యూమిడిఫయర్ తిప్పాలి. కానీ అసలు జాగ్రత్త కారు డిక్కీ గురించి. ఎండలో నిలబెట్టిన కారులో వీణ పెట్టి గుడికో, కచేరీకో వెళ్లి గంట ఆలస్యమైతే మైనం మెత్తబడి మెట్లు మెల్లగా ఒరుగుతాయి. చలిలో విరిగిన మైనం కనీసం చీలిక చూపిస్తుంది. వేడికి ఒరిగిన మెట్టు అమాయకంగా నిలబడే ఉంటుంది, అపస్వరం పలుకుతుంది, పిల్లలకి శ్రుతిజ్ఞానం లేదని మనం తిడతాం.

అందుకే ఆర్డర్ పెట్టేవాళ్లకి నెల చూసుకోమని చెప్తాను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో మూసిన లారీలో మైనం గతేంటి? కాబట్టి మే నెలలో బొబ్బిలి నుంచి బయల్దేరకూడదు. డిసెంబర్ నుంచి మార్చి మొదటివారం దాకా మిన్నెసోటాలో దిగకూడదు. మిగిలినవి సెప్టెంబర్ చివర, అక్టోబర్. లేదంటే అక్కడ ఎండలు ముదరకముందే మార్చిలో బయల్దేరి ఇక్కడ ఏప్రిల్‌లో దిగేలా. విజయదశమికి కావాలనుకునేవాళ్లు ఆ ముందు సంక్రాంతికే మాట ఇచ్చేయండి. పనివాళ్లు ఆలస్యం చేస్తారని విసుక్కోకండి. పనస దుంగ సరిగ్గా ఆరకముందే తొందరపెట్టి చేయిస్తే ఆ వీణ ఇక్కడికొచ్చి చీలడం ఖాయం. దుంగ ఎన్నాళ్లు ఆరిందని అడగండి, చెప్పడానికి వాళ్లకి అభ్యంతరం ఉండదు.

ప్యాకింగ్ గురించి అడగాల్సినవి కొన్ని. వీణకి నేరుగా ప్లాస్టిక్ బుడగల కాగితం చుట్టొద్దనండి, వేడికి పాలిష్ మీద బుడగల అచ్చు పడుతుంది. ముందు నూలుగుడ్డ, దాని మీద ఏదైనా. చెక్కపెట్టెలో పంపితే ఆ చెక్కకి వేడి చికిత్స చేసిన ముద్ర ఉండాలి, లేకపోతే రేవులో ఆపేస్తారు. పురుగు చచ్చేలా చెక్క లోపలిదాకా 56 డిగ్రీల వేడి అరగంట పట్టిస్తారు. ఖాళీ పెట్టెకి! ఒకాయన కంగారుగా ఫోన్ చేసి, వీణ లోపల పెట్టాక చేస్తారా మేడమ్, మేళం ఏమైపోతుంది అన్నారు. కాదండీ, ముందే చేసిన చెక్కతో పెట్టె కడతారు అని చెప్పాను. అయినా మంచి ప్రశ్నే. అలంకారంలో జింక కొమ్ము వాడొద్దనీ గట్టిగా చెప్పండి. మన దేశంలోనే అది నిషేధం. ప్లాస్టిక్‌తో చేసిన లతలు అంతే అందంగా ఉంటాయి.

ఇక చలికాలంలో తప్పనిసరై తెప్పించుకుంటే, ఇంటికి డెలివరీ వద్దని చెప్పి, కొరియర్ వాళ్ల సెంటర్‌లోనే ఆపించుకోండి. ట్రాకింగ్ పేజీలో ఆ ఆప్షన్ సాధారణంగా ఉంటుంది. కారు ముందే నడిపించి లోపల చలి కాస్త విరిగాక వెళ్లండి, హీటర్ గాలి మాత్రం పెట్టె వైపు తిప్పకండి. సీట్లు మడిచి పడుకోబెట్టి తెచ్చుకోండి. తీసుకునేటప్పుడే పెట్టె ఆరు వైపులా ఫొటోలు తీయండి. ఒక రోజు ఆగి విప్పితే క్లెయిమ్ ఇవ్వరేమో అని భయపడతారు చాలామంది. పెట్టె బయట దెబ్బ ఉంటే ఆ ఫొటోలు, విప్పేటప్పుడు తీసిన వీడియో పెట్టి క్లెయిమ్ వేయొచ్చు. గడువు ఎన్ని రోజులో మాత్రం పంపేముందే కనుక్కోండి.

ఆ అమ్మాయి వీణ మార్చి దాకా బాగానే ఉంది. మొన్న క్లాసులో పక్కసారణి తీగ బిరడ జారుతోందని తెచ్చింది. సుద్దపొడి రాసి పంపాను.